అయిదుగురు చెప్పిన పెరుగు

నేను పదో తరగతి పాసయ్యాను. సైన్సులో ముప్పై ఆరు మార్కులు. పాసు కావడానికి ముప్పై అయిదు చాలు కాబట్టి ఆ మిగిలిన ఒక్క మార్కే నా సొంత తెలివి అని మా ఆయన అంటూ ఉంటారు. ఆ ఒక్క మార్కుతో మా ఊరి మున్సిపాలిటీని మూడు నెలల పాటు నడిపించానంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోనీండి. ధ్రువపత్రం ఉంది, చూపిస్తాను.

భయపడటంలో మాత్రం నాకు మంచి అనుభవం ఉంది. ఉరిమితే టీవీ ప్లగ్గు, మిక్సీ ప్లగ్గు, ఆఖరికి గోడ గడియారంలో బ్యాటరీ కూడా తీసేస్తాను. కుక్కరు మూడో కూత ఆలస్యమైతే ఇంట్లో అందర్నీ వీధిలోకి పంపేస్తాను. మా అమ్మాయి లాస్య తొమ్మిదో తరగతి చదువుతోంది. దానికి ఒక తుమ్ము వస్తే రెండో తుమ్ము దాకా ఆగను, ఫోన్లో వెతుకుతాను. ఫోన్లో ఏ తుమ్ము గురించి వెతికినా నాలుగో లైనుకల్లా ఆపరేషను దాకా వెళ్ళిపోతుంది. అయిదో లైను నేనెప్పుడూ చదవలేదు. అప్పటికే ఏడుస్తూ ఉంటాను.

అసలు సంగతి శ్రావణ మాసంలో మొదలైంది. పొద్దున తోడుకున్న పెరుగు ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి నోట పెట్టలేనంత పులుపు. వరసగా వారం రోజులు అంతే. పాలావిడని అనుమానించాను, తోడుని అనుమానించాను, గిన్నెని అనుమానించాను. ఎనిమిదో రోజున ఫ్రిజ్ మీద చార్జింగు పెట్టిన ఫోను కనిపించింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

వెంటనే మా అక్క కనకరత్నానికి వాయిస్ మెసేజి పెట్టాను. "అక్కా, ఫోను ఫ్రిజ్ మీద పెడుతున్నాం కదే, ఆ కిరణాలు గానీ లోపలికి దిగి పెరుగుని పులియబెడుతున్నాయేమోనే. నాకెందుకో అనుమానంగా ఉంది."

తొమ్మిది రోజుల తరవాత నా ఫోనుకి ఒక ఫార్వర్డు వచ్చింది. "విదేశీ శాస్త్రవేత్త తాజా హెచ్చరిక! ఫ్రిజ్ మీద ఫోను పెట్టే ప్రతి ఇల్లాలూ చదవాలి! ఫోను కిరణాలు ఫ్రిజ్ రేకులోంచి దిగి పెరుగుని పులియబెడుతున్నాయని తేలింది. ఆ పెరుగు తిన్నవారికి ఏమవుతుందో చెప్పడానికి సదరు శాస్త్రవేత్తకి నోరు రాలేదు. అందరికీ పంపండి."

ఒక్కసారి కాదు, అయిదుగురి దగ్గర్నుంచి వచ్చింది. మా అక్క, మా తోటికోడలు, బడి తల్లుల గ్రూపు, పక్కింటి సూరమ్మ గారు, సూరమ్మ గారితో ఆరేళ్ళుగా మాటల్లేని రెండో వీధి సత్యవతమ్మ.

భయంతో పాటు కాస్త గర్వం కూడా వేసిందని దాచుకోను. ఎక్కడో విదేశంలో అంత చదువుకున్నాయనకి సరిగ్గా నాకు వచ్చిన అనుమానమే వచ్చిందంటే మాటలా? మా ఆయనకి చదివి వినిపించాను.

"ఇది నువ్వు మీ అక్కకి చెప్పిందే కదా?" అన్నారాయన.

"నేను చెప్పింది అనుమానం. ఇది శాస్త్రవేత్త చెప్పింది" అన్నాను.

ఆయన పేపరు మడిచి మిల్లుకి వెళ్ళిపోయారు. ఆయనకి సైన్సు పట్టదు.

*

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మున్సిపాలిటీ వారు కొత్త విభాగం ఒకటి తెరిచారు. అంతకు ముందు నెలలో ఒక వార్డు వార్డంతా ఫోన్లో ఏదో చూసి ఇన్వర్టరు బ్యాటరీల్లో నిమ్మకాయ నీళ్ళు పోసింది. వార్డంతా చీకటైంది. దాంతో ఊరి జనానికి నికరమైన సైన్సు అందించి తీరాలని పైవాళ్ళు పట్టుపట్టారు. జనన మరణాల గది పక్కన బోర్డు వెలిసింది: "విశ్వసనీయ శాస్త్ర సాంకేతిక సమాచార ధ్రువీకరణ విభాగం." బోర్డు సరిపోక, కింద 'కుక్కల లైసెన్సులు' అన్న పాత అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

విభాగాధికారి సోమసుందరం గారు. ఇరవై రెండేళ్ళు జనన మరణాల పద్దు చూసిన మనిషి. నేను ఫార్వర్డుని కాగితం మీద అచ్చు వేయించుకుని వెళ్ళాను. ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"సదరు సమాచారం ఎంతమంది ద్వారా అందిందమ్మా?"

"అయిదుగురండి."

"వేరువేరు వ్యక్తులేనా?"

"ఆయ్, వేరువేరు ఇళ్ళండి. వాళ్ళలో ఇద్దరికి మాటలు కూడా లేవండి."

"అంటే విరోధులు సైతం ఏకీభవించారన్నమాట. రాసుకో శేషూ" అన్నారు గుమాస్తాతో. "శాస్త్రవేత్త ఉన్నాడా?"

"ఉన్నాడండి. విదేశీయుడండి."

"పేరు?"

"పేరు వెయ్యలేదండి."

"అదే మంచిది. పేరుంటే వ్యక్తిగత అభిప్రాయం కిందికి వస్తుంది."

ఈ అయిదుగురి లెక్క ఏమిటండీ అని అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"పంచనామా అమ్మా. మన పరిపాలనకి వెన్నెముక అది. చావు మీద అనుమానం వస్తే పంచనామా. గట్టు తగువొస్తే పంచనామా. పుట్టిన తేదీ కాగితం లేని ముసలాయనకి అయిదుగురు పెద్దలు సంతకం పెడితే పుట్టాడని నేనే రాసిచ్చాను, ఎన్ని వందల మందికో! మనిషి పుట్టుకకి చాలిన అయిదుగురు శాస్త్రానికి చాలరా?"

నాకు ఒళ్ళు పులకరించింది. అయినా భయం ఊరుకోదు కదా, మెల్లగా అడిగాను. "ఇంతకీ అది నిజమేనంటారాండీ?"

"నిజమా కాదా అన్నది మా విభాగం పరిధిలోకి రాదమ్మా. విశ్వసనీయమా కాదా అన్నంతవరకే మాది."

గుండ్రటి ముద్ర పడింది. ధ్రువపత్రం నంబరు ఒకటి. ఇంటికి తెచ్చి లామినేషను చేయించి దేవుడి పటాల పక్కన తగిలించాను. పసుపు బొట్టు కూడా పెట్టాను.

*

ధ్రువీకరణ జరిగాక చర్య తీసుకోకపోతే ప్రభుత్వం ఎందుకు? రెండో వారంలో ఉత్తర్వు వచ్చింది. పట్టణ పరిధిలో ఏ ఫోనూ ఏ ఫ్రిజ్‌కీ పది అడుగుల లోపు ఉండరాదు.

మా వీధిలో ఒక్కో ఇల్లు మొత్తం కలిపి పన్నెండు అడుగుల వెడల్పు. ఫ్రిజ్ ఎక్కడ పెట్టినా ఫోను వీధిలో ఉండాల్సిందే. అందుకని మా ఫోను సూరమ్మ గారి వరండాలో, సూరమ్మ గారి ఫోను మా వరండాలో పెట్టుకున్నాం. ఆవిడకి ఫోనొస్తే నేను ఎత్తేదాన్ని. పదిహేను రోజుల్లో ఆవిడ కోడలి తప్పులన్నీ నాకు కంఠతా వచ్చాయి. ఆవిడకి మా అత్తగారి తరఫు సంగతులు ఎన్ని తెలిశాయో నేను అడగలేదు.

కూల్ డ్రింకు కొట్ల ముందు ఫోను బుట్టలు వేలాడాయి. దూరం కొలవడానికి ముగ్గురు 'దూర పర్యవేక్షకుల్ని' వేశారు. వాళ్ళు టేపు పట్టుకుని వంటిళ్ళలోకి వచ్చి కొలిచేవారు. ఐస్‌క్రీము బండాయన తన ఫోనుని బండికి పది అడుగుల వెనక తమ్ముడి చేత మోయించాడు. ఇక ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు సంగతి: ఆయన చుట్టూ ఎప్పుడూ ఫ్రిజ్‌లే కాబట్టి ఫోను మానేయమన్నారు. ఫోను లేని మెకానిక్కుని పిలవడం ఎవరి వల్లా కాలేదు. ఊళ్ళో ఫ్రిజ్‌లు వరసగా మూలపడ్డాయి. ఫ్రిజ్‌లు పాడవుతున్నాయంటే కిరణాల ప్రభావం ఎంత తీవ్రంగా ఉందో చూడండి అని విభాగం వారు దాన్ని కూడా ధ్రువీకరించారు. అది నంబరు పద్దెనిమిది.

మొదటి ధ్రువపత్రం నాది కాబట్టి నాకొక బ్యాడ్జీ ఇచ్చారు. 'వార్డు స్థాయి విశ్వసనీయ వనరు.' కూరల బజారుకి కూడా పెట్టుకుని వెళ్ళేదాన్ని. జనం ఆపి మరీ అడిగేవారు.

"ధనకుమారి గారూ, చార్జింగులో ఉండగా ఫోను ఎత్తితే చెవి కరుగుతుందంటారా?"

నాకేం తెలుసు? కానీ బ్యాడ్జీ ఉంది. "ఎందుకైనా మంచిది, ఎత్తకండి" అనేదాన్ని. వాళ్ళు దాన్ని అయిదుగురికి చెప్పేవారు. వారం తిరిగేసరికి పత్రం వచ్చేది.

ఇన్ని జరిగినా మా ఇంట్లో పెరుగు పులుస్తూనే ఉంది. ఫోను సూరమ్మ గారి వరండాలో ఉన్నా పులుస్తోంది. కిరణాలు దూరం నుంచి కూడా వస్తున్నాయి కాబోలు, పది అడుగులు చాలవేమో, ఇరవై అని అర్జీ పెడదామా అని కూడా ఆలోచించాను.

*

ఆ అర్జీ రాస్తుండగా లాస్య వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఒకటడుగుతాను, కోప్పడకు. ఆ శాస్త్రవేత్త ఎవరు?"

"విదేశీయుడే."

"ఆ పెరుగుని ఎవరు చూశారు? ఎలా చూశారు? మళ్ళీ చూస్తే అలాగే వస్తుందా? ఫోన్లో ఏ సైన్సు కనిపించినా ఈ మూడూ అడగమన్నారు మా ప్రమీలారాణి టీచరు. నీ పత్రంలో మూడూ లేవు."

"ముద్ర ఉంది కదే."

"ముద్ర పెరుగు తినదు కదమ్మా."

బడిలో సైన్సు ప్రదర్శన పెడుతున్నారట. గెలిచినవాళ్ళు జిల్లాకి వెళతారు. లాస్య అందుకోసం మా ఫ్రిజ్‌నే పరీక్షిస్తానంది. వద్దని ఏడ్చాను. అది వినలేదు. బడి నుంచి థర్మామీటరు, పులుపు తేల్చే రంగు కాగితాలు తెచ్చింది. పన్నెండు రోజుల లెక్క వేసుకుంది. కొన్ని రోజులు ఫోను ఫ్రిజ్ మీద, కొన్ని రోజులు దూరంగా. ఫోను మీద పెట్టిన రోజుల్లో నేను వంటింట్లోకి వెళ్ళకుండా వరండాలో పొయ్యి పెట్టి వండాను. విశ్వసనీయ వనరు ఇల్లు కదా అని పర్యవేక్షకులు మా గుమ్మం తొక్కలేదు.

మధ్యలో అది ఫ్రిజ్ తయారుచేసిన కంపెనీ వాళ్ళ వాడుక పుస్తకాన్ని ఫోన్లో వెతికి పట్టుకుంది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూడమని అందులో ఉందట. గట్టిగా పట్టుకుంటే తలుపు రబ్బరు బాగున్నట్టు, తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు పోయినట్టు.

"కంపెనీవాడు వాడి ఫ్రిజ్ గురించి మంచే రాసుకుంటాడు, నమ్మకు" అన్నాను.

"పాడైపోతుందని రాశాడమ్మా వాడు" అంది.

కాగితం పెట్టి తలుపు మూసింది. లాగనక్కర్లేకుండానే కాగితం జారి నా కాళ్ళ దగ్గర పడింది. కింద వైపు రబ్బరు జానెడు మేర ఊడిపోయి ఉంది. పదకొండేళ్ళుగా రోజూ తుడుస్తున్న ఫ్రిజ్ అది. పైనే తుడిచేదాన్ని.

అప్పట్నుంచి కొన్ని రోజులు తలుపుని దుప్పటితో బిగించి కట్టి చూసింది. కట్టిన రోజుల్లో లోపల అయిదారు డిగ్రీలు, పెరుగు కమ్మగా ఉంది. కట్టని రోజుల్లో పదిహేను డిగ్రీలు, పులుపు. ఫోను మీద ఉన్నా అంతే, లేకపోయినా అంతే. పెద్ద అట్ట మీద అన్నీ గళ్ళు గీసి రాసుకుంది. టీచరు చూసి, "ఇదే మన బడి నుంచి జిల్లాకి" అన్నారట. లాస్య ఆ రోజు రెండు మెట్లు ఒకేసారి ఎక్కుతూ వచ్చింది.

మర్నాడు బడికి సర్క్యులరు వచ్చింది. ప్రదర్శనకి వెళ్ళే ప్రతి అంశానికీ విభాగం వారి విశ్వసనీయతా పత్రం ఉండాలి. శుక్రవారం లోపు.

*

సోమవారం మేమిద్దరం అట్ట పట్టుకుని వెళ్ళాం. సోమసుందరం గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. బ్యాడ్జీ మహిమ. అట్టని చూసి కూర్చున్నారు.

"ఎంతమంది ద్వారా అందింది పాపా?"

"ఎవరి ద్వారా అందలేదండి. నేనే చూశానండి."

"నువ్వే చూశావా?" ఆయన ముఖంలో జాలి కనిపించింది. "అదేనమ్మా చిక్కు. చూసినవాళ్ళకి పక్షపాతం ఉంటుంది. ఏమీ చూడని అయిదుగురు కావాలి మాకు."

"పన్నెండు రోజులు రాసుకున్నానండి. మీరు కూడా చూడొచ్చండి."

"ఈ కుర్చీలో కూర్చుని పెరుగు చూడటానికి నిబంధన లేదు. పైగా ఇది ఇప్పటికే ధ్రువీకరించిన సమాచారంతో విభేదిస్తోంది. నంబరు ఒకటి ఎవరిది శేషూ?"

శేషు నా వైపు చూశాడు. లాస్య చూడలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

ఇంటికి వచ్చాక అది ఏడవలేదు, అరవలేదు. అట్టని గోడ వైపు తిప్పి పెట్టి, అన్నంలోకి ఆ పుల్ల పెరుగే వేసుకుని తిన్నది. పిల్లకి జ్వరమొస్తుందేమో, బస్సు తప్పుతుందేమో, పిడుగు పడుతుందేమో అని పద్నాలుగేళ్ళుగా నిద్ర మానుకుని భయపడ్డాను. దాని దారికి నేనే అడ్డం పడతానని మాత్రం ఒక్కనాడూ భయపడలేదు. ఇన్ని భయాల్లో పనికొచ్చేది ఒక్కటీ లేకపోయింది.

మంగళవారం ఒక్కదాన్నే విభాగానికి వెళ్ళి, నంబరు ఒకటి రద్దు చేయమని అడిగాను.

"రద్దు చేయాలంటే మూల వనరు తేలాలమ్మా" అన్నారు సోమసుందరం గారు. "మొట్టమొదట చెప్పిన వ్యక్తి ఎవరో విచారణ చేయాలి."

విచారణ అప్పటికప్పుడే మొదలైంది. ఆఫీసులో కమీషనరు గారి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ ఉంది కాబట్టి ఫోను వరండాలో ఉంది. శేషు బయట నిలబడి ఒక్కొక్కరికీ ఫోను చేసి జవాబులు లోపలికి కేకేశాడు.

"సూరమ్మ గారికి బడి తల్లుల గ్రూపు నుంచి వచ్చిందటండీ!"

"గ్రూపుకి?"

"సత్యవతమ్మ గారి మేనకోడలు పెట్టిందటండీ!"

"ఆ అమ్మాయికి?"

"వాళ్ళ అత్తగారికి ఎవరో కనకరత్నం గారు చెప్పారటండీ! శాస్త్రవేత్తని మాత్రం ఆ మేనకోడలే కలిపిందటండీ, లేకపోతే ఎవరూ చదవరటండీ!"

"రాసుకో. కనకరత్నానికి ఎవరు చెప్పారట?"

తరవాత శేషు కేక, కాస్త మెల్లగా. "వాళ్ళ చెల్లెలు ధనకుమారి గారటండీ."

గదిలో ఉన్న జనమంతా నా బ్యాడ్జీ చదివారు. కుక్కల లైసెన్సు కోసం పాత బోర్డు చూసి వచ్చినాయన కూడా చదివాడు.

నేను లేచి నిలబడ్డాను. "నేనేనండి. నాకు సైన్సులో ముప్పై ఆరు మార్కులండి. ఏ శాస్త్రవేత్తా లేడండి. ఫోను వెచ్చగా ఉంటే భయమేసి మా అక్కతో అన్నానండి. మా ఫ్రిజ్ రబ్బరు ఊడిపోయిందండి. నేను వంగి చూడలేదండి. అదండీ సంగతి. కొట్టెయ్యండి బాబూ."

సోమసుందరం గారు పెన్ను మూత పెట్టారు.

"మీ నిజాయితీ ప్రశంసనీయం. అయితే ఈ ఒప్పుకోలు ఎంతమంది ద్వారా అందింది?"

"నా ఒక్కదాని ద్వారానేనండి."

"అయితే విశ్వసనీయం కాదమ్మా."

*

ఇంటికొచ్చి పదకొండు గ్రూపుల్లో పెట్టాను. "ఫ్రిజ్ మీద ఫోను పెడితే పెరుగు పులవదు. నేను చెప్పింది తప్పు. మీ ఫ్రిజ్ రబ్బరు చూసుకోండి. ఇట్లు ధనకుమారి." అయిదుగురు పంపితే చాలు కదా, నా పేరు మీద వందమంది పంపుతారు అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం దాకా వచ్చినవి: ఒక బొటనవేలు, రెండు గులాబీలు, 'శుభోదయం' అని ఒకటి. ఎవరూ ఎవరికీ పంపలేదు.

నాకు కారణం తెలుసు. ఈ విద్యలో నేను తక్కువదాన్ని కాదు. అందులో భయం లేదు. మళ్ళీ ఫోను తీసి రాయడం మొదలెట్టాను. "తక్షణ హెచ్చరిక! ఊడిన ఫ్రిజ్ రబ్బరులోంచి విషవాయువు! విదేశీ శాస్త్రవేత్త..."

లాస్య నా భుజం మీంచి చదివింది.

"పంపకమ్మా."

"పంపితే రేపటికల్లా అయిదుగురేం ఖర్మ, అయిదు వందల మంది అవుతారే. నువ్వు జిల్లాకి వెళతావు."

"నేను చూసింది చెప్పడానికి నువ్వు చూడనిది కలపాలా? అయితే నాకు జిల్లా వద్దులే."

చెరిపేశాను. అంత మంచి ఫార్వర్డు నేను జన్మలో రాయలేదు.

పొయ్యి మీద పాలు పెట్టాను, మామూలుగా తోడు పెట్టడానికే. గిన్నె తీస్తుంటే పక్కన ఇంకో రెండు గిన్నెలు ఉన్నాయి. అప్పుడు తట్టింది. ఏమీ చూడని అయిదుగురు కావాలి అన్నారు కదా. రుచి చూడొద్దని ఎక్కడా అనలేదు.

ఒకే పాలు, ఒకే తోడు, మూడు గిన్నెలు. గిన్నెల అడుగున సుద్దముక్కతో నంబర్లు వేసింది లాస్య. గురువారం పొద్దున్నే ఒకటో గిన్నె పట్టుకుని సూరమ్మ గారింటికి వెళ్ళాను. వాళ్ళ ఫ్రిజ్ రబ్బరు గట్టిది. కాగితం పెట్టి చూశాం.

"నా ఫ్రిజ్ మీద ఫోనా! ఏమైనా అయితే?" అన్నారావిడ.

"నా ఫోనే పెట్టండి పిన్నిగారూ. ఏమైనా అయితే నాకే అవుతుంది."

"ఫోను నీదే గానీ ఫ్రిజ్ నాది కదే తల్లీ!" అంటూనే పెట్టనిచ్చారు. కోడలి సంగతులు నాకు తెలుసు మరి.

రెండోది ఎదురింటి కొత్త కోడలి ఫ్రిజ్‌లో, ఫోను దరిదాపుల్లో లేకుండా. మూడోది మా ఊడిన రబ్బరు ఫ్రిజ్‌లో, దానికీ ఫోను లేకుండా. మధ్యాహ్నం మూడింటికి మూడూ మా వరండాలో పెట్టి అయిదుగురిని పిలిచాను. సూరమ్మ గారు, ఎదురింటి కోడలు, పాలావిడ, టైలరు మస్తాన్‌బీ, సత్యవతమ్మ. ఏ గిన్నె ఎక్కడిదో వాళ్ళకి చెప్పలేదు. సూరమ్మ గారూ సత్యవతమ్మా ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకే గిన్నెలో చెంచాలు ముంచారు.

"మూడోది పులుపు" అంది పాలావిడ. "అయినా నా పాలు మంచియ్యే, ముందే చెబుతున్నా."

"మొదటిదానికీ రెండోదానికీ తేడా లేదక్కా" అంది మస్తాన్‌బీ. మూడోది పులుపేనని సూరమ్మ గారూ అన్నారు.

"మూడోది పులుపని నేనూ అంటున్నాను. ఆవిడందని మాత్రం కాదు" అన్నారు సత్యవతమ్మ.

"అననీ, నేను ముందే అన్నాను" అన్నారు సూరమ్మ గారు గోడతో.

గిన్నెలు తిరగేసి నంబర్లు చూపించాను. ఫోను కింద ఉన్నది కమ్మనిదని తెలిసి సూరమ్మ గారు చెంచా వదిలేశారు. కాసేపటికి మళ్ళీ తీసుకున్నారు.

*

నాలుగింటికి అయిదుగురం కాదు, ఏడుగురం విభాగంలో ఉన్నాం. గిన్నెలతో సహా. దరఖాస్తులో 'సమాచారం అందిన విధానం' అన్న గడిలో లాస్య శుభ్రంగా రాసింది: నాలుక ద్వారా.

సోమసుందరం గారు నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పారు. నాలుకని నిషేధించే మాట దొరకలేదు.

"అయిదుగురు ఉన్నారు. విరోధులూ ఉన్నారు. శాస్త్రవేత్త?"

"నేనండి" అంది లాస్య.

"పేరు ఉంది కదా పాపా నీకు, వ్యక్తిగత అభిప్రాయం అవుతుందేమో..." అంటూ ఆయన గిన్నెల వైపు చూశారు. ఆ రోజు ఆయన క్యారియరులో పెరుగు లేదని శేషు తరవాత చెప్పాడు. పరిశీలనార్థం మూడో గిన్నెలో చెంచా పెట్టి కళ్ళు మూసుకున్నారు. పరిశీలనార్థం ఒకటో గిన్నె మొత్తం తినేశారు. చెయ్యి కడుక్కుని వచ్చి ముద్ర వేశారు. ధ్రువపత్రం నంబరు నలభై ఏడు: ఫోనుకీ పెరుగు పులుపుకీ సంబంధం లేదని ధ్రువీకరించడమైనది.

"మరి ఒకటో నంబరు కొట్టేసినట్టేనాండీ?" అన్నాను.

"ఎందుకమ్మా? రెండూ విశ్వసనీయమే. ప్రజలకి ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలి."

బ్యాడ్జీ తీసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

లాస్య జిల్లాకి వెళ్ళింది. అక్కడ ఒక పెద్దాయన అట్టంతా చదివి, "మళ్ళీ చేస్తే అలాగే వస్తుందా?" అని అడిగారట. "అమ్మ చేసిందండి, అలాగే వచ్చింది" అందట ఇది. మూడో బహుమతి ఇచ్చారు. మా ఆయన మెకానిక్కు ఇల్లు వెతుక్కుంటూ సైకిలు మీద వెళ్ళి తీసుకొచ్చి కొత్త రబ్బరు వేయించారు. ఇప్పుడు కాగితం పెట్టి లాగితే చిరుగుతుంది గానీ రాదు. రోజుకి రెండు సార్లు లాగి చూస్తున్నాను.

నిన్న పొద్దున నా ఫోనుకి ఒక ఫార్వర్డు వచ్చింది. "శుభవార్త! ఒక ఊళ్ళో అయిదుగురు మహిళలు రుచి చూసి తేల్చిన నిజం! ఫ్రిజ్ మీద ఫోను పెడితే పెరుగు కమ్మగా, తియ్యగా మారుతుంది. విదేశీ శాస్త్రవేత్త సైతం నివ్వెరపోయాడు." మా అక్క పంపింది. తరవాత సత్యవతమ్మ. తరవాత మా తోటికోడలు. తరవాత మస్తాన్‌బీ. సాయంత్రానికి సోమసుందరం గారి దగ్గర్నుంచి కూడా వచ్చింది. అయిదుగురు.

చదివి నవ్వాను. నవ్వి వంటింట్లోకి వెళ్ళాను. పాలు కాచి, రెండు గిన్నెల్లో తోడు వేసి, అడుగున సుద్దముక్కతో ఒకటి, రెండు అని రాశాను. ఒకటి మా ఫ్రిజ్‌లో పెట్టి, పైన ఫోను పెట్టాను. రెండోది పట్టుకుని ఎదురింటికి బయల్దేరుతుంటే లాస్య గుమ్మంలో ఎదురైంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం లేదే, ఊరికే చూద్దామని."

అది నా చేతిలో గిన్నె అందుకుని తానే ఎదురింటికి వెళ్ళింది.

తియ్యగా మారదని నాకు తెలుసు. తొంభై తొమ్మిది పాళ్ళు తెలుసు. ఒకవేళ మారిందంటే మాత్రం ఎవరికీ చెప్పను. మా అక్కకి అసలే చెప్పను.